బుడగల్లో ఏముంది?

నేను ఉద్యోగంలో చేరింది 2001లో. అప్పటి గుంటూరు జిల్లా, పల్నాడు ప్రాంతంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. భౌతికశాస్త్రం పోస్టు. ఆ రోజుల్లో ప్రణాళిక అంటే బీరువాలో ఉండే ఒక పుస్తకం. అట్ట మీద ఉపాధ్యాయుడి పేరు, లోపల గళ్ళు: తేదీ, తరగతి, పాఠం, లక్ష్యాలు, బోధనోపకరణాలు, నల్లబల్ల పని, ఇంటిపని. బీఎడ్‌లో హెర్బార్ట్ సోపానాలు, బ్లూమ్ లక్ష్యాలు వల్లె వేసి వచ్చినవాళ్ళం కాబట్టి ఆ గళ్ళు నింపడం మాకు కష్టం కాలేదు. 'జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం' అని వరసగా రాసి, వాటి కింద నాలుగు వాక్యాలు పెడితే పాఠ్యప్రణాళిక సిద్ధం. నిరుటి పుస్తకం ముందు పెట్టుకుని ఈ ఏటి పుస్తకం రాసేవాళ్ళు ఎక్కువ. తనిఖీకి వచ్చినవారు తేదీలు, సంతకాలు చూసేవారు. ఆ పుస్తకాన్ని పిల్లల పక్కన పెట్టి చూసినవారు నాకు తెలిసి ఎవరూ లేరు.

మూల్యాంకనం సంగతీ అంతే. యూనిట్ టెస్టులు, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ, యాన్యువల్. పేపర్లు దిద్దడం, మార్కుల రిజిస్టరులో ఎక్కించడం, ప్రోగ్రెస్ కార్డుల మీద తల్లిదండ్రుల సంతకాలు లేదా వేలిముద్రలు తెమ్మనడం. పరీక్షలో ఫలానా ప్రశ్న తరగతిలో సగం మందికి రాలేదంటే మర్నాడు ఏం చెయ్యాలన్న మాట స్టాఫ్‌రూములో వినపడేది కాదు. అప్పటికే సిలబస్ తర్వాతి పాఠంలో ఉండేది.

ఆ బళ్ళో నాకు దొరికిన అదృష్టం మా హెడ్మాస్టరు గారు. లెక్కల మాస్టారుగా చాలాకాలం చేసి ప్రమోషన్ మీద వచ్చిన మనిషి. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే స్టాఫ్ మీటింగు పెట్టారు. వార్షిక ప్రణాళికలు రాయాలి కదా అని అందరం పాఠ్యపుస్తకాలు పట్టుకుని వెళ్ళాం. "అవి తర్వాత, ముందు ఇవి చూడండి" అని పాత హాజరుపట్టీలు టేబుల్ మీద పెట్టించారు.

తిరగేశాం. జూన్, జులై పేజీల్లో ఎర్ర సిరా గుర్తులు అక్కడొకటి ఇక్కడొకటి. దసరా తర్వాత కొంచెం ఎక్కువ. సంక్రాంతి సెలవులు దాటాక తొమ్మిదో తరగతి పేజీ సగం ఎర్రగా ఉంది. ఆడపిల్లల వరసల్లో అయితే వారాల తరబడి ఒకటే గీత. ఊరివాళ్ళకు దాని అర్థం చెప్పక్కర్లేదు. మిరప కోతలు. పల్నాటి నల్లరేగడిలో జనవరి చివర మొదలైన కోతలు ఏప్రిల్ దాకా సాగుతాయి. ఒక కోత అయ్యేసరికి పైన మళ్ళీ కాయ పండుతుంది. కూలీలు చాలక కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి పొలాల దగ్గర గుడారాలు వేసుకుంటాయి. ఊళ్ళో తల్లి కోతకు పోతే ఇంట్లో చంటిపిల్లను చూసుకునేది ఆడపిల్ల. కాస్త ఎదిగితే తనూ కోతకే.

హెడ్మాస్టరు గారు నా వైపు తిరిగారు. "మాస్టారూ, తొమ్మిదిలో రాకపోతే పదిలో పిల్లలు చతికిలబడే పాఠం మీ సబ్జెక్టులో ఏది?"

"విద్యుత్తండీ."

"ఎప్పుడు చెబుతున్నారు?"

"పుస్తకంలో చివరుంది. ఫిబ్రవరిలో వస్తుంది."

"ఫిబ్రవరిలో ఎవరికి చెబుతారు?"

నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా లేదు. ఆ మధ్యాహ్నం క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చున్నాం. పండగ సెలవులు, రెండో శనివారాలు, పరీక్షల రోజులు తీసేసి, నికరంగా చేతికొచ్చే పీరియడ్లు ఎన్నో లెక్క కట్టాం. వాటిలో పిల్లలందరూ బళ్ళో ఉండే పీరియడ్లు ఏ నెలల్లో ఉన్నాయో వేరే రాశాం. తర్వాత ప్రతి సబ్జెక్టులో పైతరగతికి ఆధారమయ్యే పాఠాలు ఏవో గుర్తించి, వాటిని ఆగస్టు నుంచి డిసెంబరు లోపు పడేలా జరిపాం. ఒక్కరోజు రాకపోయినా మళ్ళీ అందుకోగలిగే పాఠాలు, చదువుకుంటే వచ్చేవి, కోతల నెలలకు పోయాయి. విద్యుత్తు అక్టోబరుకు వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, వెయ్యి బోధనా గంటలు ఉండాలని షెడ్యూలులో పెట్టింది. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు ఆ హాజరుపట్టీలే గుర్తొస్తాయి. బడికి 220 రోజులున్నా, కోతలకు పోయే పిల్లకు ఎన్నున్నాయి?

ఆ ప్రణాళికకు ఒక చిక్కు వచ్చిపడింది. క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ ప్రశ్నపత్రాలు జిల్లా అంతటికీ ఒక్కటే. ఏ నెలకు ఏ పాఠం అన్నది పైనుంచి వచ్చేది. మేం పాఠాలు జరిపితే, ఉమ్మడి పేపర్లో మా పిల్లలు వినని పాఠం వస్తుంది. వచ్చింది కూడా. క్వార్టర్లీలో మా బడి సగటు పడిపోయింది. సమీక్షా సమావేశానికి హెడ్మాస్టరు గారు ఒక్కరే వెళ్ళి మాట పడి వచ్చారు. మాకు మాత్రం "మార్చిలో చూసుకుందాం, మీరు కానివ్వండి" అన్నారు. ఆ మార్చిలో కోతల నుంచి నేరుగా పరీక్షకు వచ్చిన ఆడపిల్లలు విద్యుత్తు ప్రశ్నలు వదలకుండా రాశారు. ఆ జవాబుపత్రాలు నేను దిద్దినవే. బల్బులు, బ్యాటరీ, తీగ కలిపి వాళ్ళు చేతులతో చేసిన వలయాలే బొమ్మలుగా కాగితం మీదికి వచ్చాయి.

ఇంకో అలవాటు కూడా ఆయనే చేశారు. ఏ పాఠం మొదలుపెట్టే ముందైనా, ఆ పాఠానికి ముందే పిల్లకు వచ్చి ఉండాల్సింది ఏదో రాసుకుని, అది వచ్చో రాదో చూడమనేవారు. ఎనిమిదో తరగతిలో సాంద్రత చెబుతున్నాను. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించాలని అందరూ సూత్రం తప్పు లేకుండా చెబుతున్నారు, లెక్క మాత్రం రావడం లేదు. భావం అర్థం కాలేదనుకుని రాయి, చెక్క, బెండు తెచ్చి నీళ్ళలో వేసి మళ్ళీ చెప్పాను. అయినా అంతే. చివరికి 54ని 20తో భాగించమని మాత్రమే ఇచ్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. పిల్లలకు సాంద్రత వచ్చు, దశాంశ భాగహారం రాదు. లెక్కల మాస్టారు, నేను కూర్చుని కొన్నాళ్ళు ఇద్దరి పీరియడ్లు కలిపి వాడుకున్నాం. నా ప్రణాళిక పుస్తకంలో ఆ రోజులకు 'సాంద్రత' అనే ఉంటుంది. బల్ల మీద జరిగింది భాగహారం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత పదేళ్ళకు 'నిరంతర సమగ్ర మూల్యాంకనం' అని పెద్ద పేరుతో వచ్చిన సంస్కరణ నాకు కొత్తగా అనిపించలేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పరీక్షల భయం తగ్గాలంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లల అవగాహనను, తెలిసినదాన్ని వాడే శక్తిని నిరంతరంగా, సమగ్రంగా చూడాలంది. మన రాష్ట్రం 2011లో తన పాఠ్యప్రణాళిక చట్రం తయారు చేసుకుంది. 2012 నుంచి దశలవారీగా కొత్త పుస్తకాలు వచ్చాయి. పదో తరగతి పుస్తకం 2014 జూన్‌లో వచ్చింది. వాటిలో పాఠాల కన్నా ముందు 'విద్యాప్రమాణాలు' కనిపించాయి. సైన్సులో విషయావగాహన ఒక్కటే కాదు. ప్రశ్నించడం, పరికల్పన చేయడం, ప్రయోగాలు, క్షేత్రపరిశీలన, సమాచార నైపుణ్యాలు, బొమ్మలు గీయడం, నిజజీవిత వినియోగం, ఇలా. ప్రతి ప్రమాణానికీ ప్రశ్నలు వేరు. లెక్కలకు, భాషలకు వాటివాటి ప్రమాణాలు.

శిక్షణకు వెళ్ళాం. వేసవి సెలవుల్లో, ఫ్యాన్లు తిరిగీ తిరగని హాల్లో. చాలామంది విసుక్కున్నారు గానీ నాకు ఆ శిక్షణ బాగా ఉపయోగపడింది. అక్కడే ఒక రిసోర్స్ పర్సన్ మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం గురించి చెప్పారు. 1972లో కొద్ది గ్రామీణ బళ్ళలో మొదలై వందల బళ్ళకు పాకి, 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా నడిచింది. ఎనిమిదో తరగతి సైన్సు పరీక్షకు పిల్లలు పుస్తకం, నోట్సు తెచ్చుకోవచ్చు. ప్రయోగం చేసి చూపించే పరీక్ష విడిగా ఉండేది. పుస్తకం చేతిలో ఉన్నా రాయాలంటే ఆలోచించక తప్పని ప్రశ్నలు తయారు చేయడమే అక్కడి ఉపాధ్యాయుల పెద్ద పని అట. ఆ మాట నన్ను బాగా పట్టుకుంది. పుస్తకం తెరిచి పెట్టుకున్నా జవాబు దొరకని ప్రశ్న వెయ్యగలిగితే, ఆ జవాబు పిల్లదే.

2014 జులైలో పదో తరగతికి కొత్త పుస్తకంలో మొదటి పాఠం 'ఉష్ణం' చెబుతున్నాను. బాష్పీభవనం, మరగడం అయ్యాయి. నిర్వచనాలు అడిగితే గడగడా అప్పజెప్పారు. ఆ మర్నాడు చెప్పాపెట్టకుండా అరకాగితాలు పంచి బల్ల మీద ఒకే ప్రశ్న రాశాను: "నీళ్ళు సలసలా మరిగేటప్పుడు పైకొచ్చే పెద్ద బుడగల్లో ఏముంటుంది? మీకెలా తెలుసు?" మార్కులు ఉండవని, పేరు మాత్రం రాయమని చెప్పాను.

ఆ కాగితాలు సాయంత్రం ఇంట్లో ముందేసుకుని కూర్చున్నాను. సగం మందికి పైగా 'గాలి' అన్నారు. ఎలా తెలుసంటే, "బుడగ అంటేనే గాలి గదా సార్" అని ఒకడు. కొందరు 'వేడి' అని రాశారు. తరగతిలో మొదటి వరసలో ఉండే ముగ్గురు నలుగురు మాత్రం 'హైడ్రోజన్, ఆక్సిజన్' అన్నారు. నీటి సాంకేతికం వాళ్ళకు బాగా వచ్చు, అందుకని వేడి చేస్తే నీరు విడిపోతుందనుకున్నారు. ఎక్కువ చదివినవాళ్ళు ఎక్కువ దూరం పోయారు. 'ఆవిరి' అని రాసినవాళ్ళు కొద్దిమందే, అందులోనూ ఎలా తెలుసో రాసినవాళ్ళు తక్కువ.

ఒక ఆడపిల్ల కాగితం దగ్గర ఆగిపోయాను. చివరి వరసలో కూర్చునే పిల్ల, పిలిస్తే తప్ప మాట్లాడదు. ఆమె ఇలా రాసింది: "అన్నానికి ఎసరు పెట్టినప్పుడు ముందు గిన్నెకు చిన్న బుడగలు అంటుకోని ఉంటై. అవి గాలి. కాగిన తర్వాత అడుగు నుంచి పెద్దవి వస్తై. అవి నీళ్ళే ఆవిరైనవి. మూత తీస్తే మూత కింద నీళ్ళుంటై." నీటిలో కరిగి ఉన్న గాలి ముందు బయటికి రావడం, తర్వాత నీరే ఆవిరిగా మారి బుడగ కావడం, ఆ రెంటినీ విడదీసి చెప్పి, మూత కింది నీళ్ళను సాక్ష్యంగా పెట్టింది. మా పుస్తకంలో ఆ వాక్యాలు లేవు. నేనూ చెప్పలేదు. రోజూ పొయ్యి దగ్గర నిలబడే పిల్ల కళ్ళతో చూసిన సంగతి.

ఆ రాత్రే తర్వాతి వారం ప్రణాళిక మార్చాను. ఎందుకంటే ముందున్నది బాష్పీభవన గుప్తోష్ణం. నీరు వంద డిగ్రీల దగ్గర మరుగుతూ ఉంటే, ఎంత వేడి ఇచ్చినా ఉష్ణోగ్రత ఎందుకు పెరగదు? ఆ వేడంతా నీటిని ఆవిరిగా మార్చడానికి పోతుంది కాబట్టి, గ్రాముకు 540 కెలోరీలు. బుడగల్లో ఉన్నది గాలి అనుకునే పిల్లవాడికి ఈ 540 ఉత్త అంకె. కంఠస్థం చేస్తాడు, లెక్కలో వేస్తాడు, మార్కు తెచ్చుకుంటాడు. ఆ వేడి ఎక్కడికి పోయిందో మాత్రం వాడికి తెలియదు.

మర్నాడు కుప్పెలో నీళ్ళు పోసి, రబ్బరు బిరడాకు గొట్టం బిగించి, గొట్టం రెండో కొసను చల్లనీళ్ళ తొట్టెలో బోర్లించిన పరీక్షనాళిక కిందికి పెట్టాను. పరీక్షనాళిక నిండా నీళ్ళు. కింద స్పిరిట్ దీపం. మొదట కుప్పెలోని గాలి బుడబుడమని వచ్చి నాళిక పైభాగంలో చేరింది. "చూశారా సార్, గాలే" అన్నారు గాలి పక్షం వాళ్ళు. ఉండండన్నాను. నీళ్ళు తెర్లసాగాయి. ఇప్పుడు బుడగలు గొట్టం కొస దాకా వస్తున్నాయి, చల్లనీళ్ళలోకి రాగానే చిటపటమంటూ మాయమవుతున్నాయి. పైన చేరిన గాలి ఇక పెరగడం లేదు. తరగతి అంతా బల్ల చుట్టూ చేరింది. కాసేపటికి వెనకనుంచి ఒక పిల్లవాడు, "గాలైతే పైకి పోయి చేరేది గదా సార్. చల్లబడంగానే నీళ్ళైపోతుంది" అన్నాడు. హైడ్రోజన్ అని రాసిన పిల్లవాడు ఇంకా ఒప్పుకోలేదు. "హైడ్రోజన్ ఆక్సిజన్ మళ్ళీ కలిసి నీళ్ళైనయ్యేమో సార్" అన్నాడు. ఎంత మంచి ప్రశ్న! విద్యుద్విశ్లేషణతో నీటిని విడగొట్టి, ఆ వాయువులు చల్లబరిస్తే నీరు కావని చెప్పడానికి ఇంకో పీరియడ్ పట్టింది. ఆ పీరియడ్ నేను ఎక్కడా దాచుకోలేదు, అభ్యాసంలోని లెక్కలు కొన్ని ఇంటిపనికి ఇచ్చి తెచ్చుకున్నాను. (ఈ ప్రయోగం చేసే ఉపాధ్యాయులకు ఒక మాట: దీపం ఆర్పే ముందు గొట్టం నీళ్ళలోంచి బయటికి తీయండి. లేకపోతే చల్లనీళ్ళు వేడి కుప్పెలోకి ఎగబడి కుప్పె పగులుతుంది.)

ఎసరు సంగతి రాసిన పిల్లను ఆ రోజు అందరి ముందు చదవమన్నాను. తల దించుకునే చదివింది. తర్వాత ఏడాదంతా ఆమె మూడో వరసలో కూర్చుంది. నేను మార్చలేదు, తనే వచ్చి కూర్చుంది.

ఇంతవరకు నిరంతర మూల్యాంకనం నాకు దేవుడిచ్చిన వరంలా ఉంది. దాంతోపాటు వచ్చిన మార్కుల సంగతి వేరు. ఏడాదిలో నాలుగు ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు. ఒక్కొక్కటి 50 మార్కులకు: పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాతపనికి 10, ప్రాజెక్టు పనికి 10, స్లిప్ టెస్టుకు 20. ఆ విభజన మంచిదే. స్లిప్ టెస్టు ముందుగా చెప్పకుండా, బల్ల మీద ప్రశ్నలు రాసి పెట్టాలన్న నియమం ఇంకా మంచిది. కానీ 2017 మార్చి పదో తరగతి పబ్లిక్ పరీక్ష నుంచి 80 మార్కులు పబ్లిక్‌కు, 20 మార్కులు ఇంటర్నల్‌కు అన్నారు. ఆ ఇరవై ఈ ఫార్మేటివ్ పరీక్షల సగటు నుంచి రావాలి. పిల్లకు ఏం రాలేదో తెలుసుకోవడానికి పెట్టిన పరీక్ష, పిల్ల గ్రేడును తేల్చే పరీక్షగా మారిపోయింది.

మార్పు నా కళ్ళముందే జరిగింది. మండల కేంద్రంలో జిరాక్స్ షాపుల దగ్గర ప్రాజెక్టులు అమ్మకానికి వచ్చాయి. పాఠం పేరు చెబితే చాలు, రంగుల అట్టతో సహా ఇచ్చేవాళ్ళు. మా పిల్లలు తెచ్చిన వాటిలో ఒకే దస్తూరీ, ఒకే అక్షరదోషం. స్లిప్ టెస్టులకు అచ్చు పేపర్లు, వాటికి టైం టేబుల్, ఆ వెనకే గైడ్లు. మరుసటి ఏడాది నేను బుడగల ప్రశ్నను ఈసారి స్లిప్ టెస్టులో, మార్కులతో ఇచ్చాను. అందరూ 'నీటి ఆవిరి' అని రాశారు. అన్నల అక్కల నోట్సుల్లోంచి వచ్చింది. 'మీకెలా తెలుసు?' కింద చాలా కాగితాలు ఖాళీ. మొదటి ఏడాది 'గాలి' అన్న కాగితాలు నాకు వారం రోజుల పాఠం చెప్పాయి. ఈ సరైన జవాబులు ఏమీ చెప్పలేదు.

టీచర్ల పని కూడా మారింది. ఒక్కో పిల్లకు నాలుగు అంశాలు, నాలుగుసార్లు, అన్ని సెక్షన్లకూ. రిజిస్టర్లు నింపడానికి పీరియడ్లు పోయేవి. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో ఏ ప్రమాణంలో పిల్లలు వెనకబడ్డారన్న చర్చ కన్నా ఏ గడి ఎలా నింపాలన్న చర్చే ఎక్కువ నడిచేది. మార్కులు సరిచూసే బృందం ఒకసారి మా బడికి వచ్చింది. మర్యాదస్తులే. రికార్డులు తిరగేసి, నోటుబుక్కులు లెక్కపెట్టి, నన్ను పక్కకు పిలిచారు. "మాస్టారూ, పక్క ఊళ్ళల్లో అందరికీ పందొమ్మిది ఇరవై ఉన్నాయి. మీ పిల్లలకు తక్కువున్నాయి. వాళ్ళెందుకు నష్టపోవాలి?" అన్నారు. తప్పు మాట అనలేను. సెంటర్లో ఫ్లెక్సీల మీద పదికి పది పాయింట్లు వచ్చిన పిల్లల ఫొటోలు వేలాడుతున్న రోజులు. మా పిల్లల్లో ఒకడు వచ్చి నిలబడ్డాడు. "సార్, నేను ప్రాజెక్టు కొనలా, నేనే చేసిన. కొన్నోళ్ళకు పది, నాకు ఏడు. ట్రిపుల్ ఐటీ సీటు పోద్దేమో సార్" అన్నాడు. అప్పట్లో ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి గ్రేడు పాయింట్ల మీదే ఇచ్చేవారు. ఒక పాయింటు తేడాతో ఊరి పిల్లవాడి దారి మారిపోయేది.

స్టాఫంతా కూర్చున్నాం. వాదన పెద్దదే అయింది. నిజాయితీగా వేస్తే మన పిల్లలే నష్టపోతారని కొందరు, అందరికీ ఇరవై వేస్తే ఆ కాగితానికి విలువేమిటని కొందరు. చివరికి ఒక పద్ధతి అనుకున్నాం. స్లిప్ టెస్టు పిల్ల రాసిన కాగితం కాబట్టి ఉన్నది ఉన్నట్టు దిద్దాలి. తక్కినవాటిలో, పిల్ల తన చేతులతో చేసిన పని ఎలా ఉన్నా పూర్తి మార్కులివ్వాలి. కొన్న ప్రాజెక్టుకు మార్కులు తగ్గించి, మళ్ళీ చేసుకు రమ్మనాలి. అప్పటినుంచి నేను ఇంకో నోటుబుక్కు పెట్టుకున్నాను. అందులో మార్కులు లేవు. పిల్లల పేర్లు, ఎవరు ఎక్కడ ఆగారు, ఏం రాశారు, మర్నాడు నేనేం చేశాను, అంతే. దాన్ని ఏ తనిఖీలోనూ ఎవరూ అడగలేదు. నా బోధనకు పనికొచ్చింది అదొక్కటే.

తర్వాతి ఏళ్ళ సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2019-20 నుంచి పదో తరగతికి ఇంటర్నల్ మార్కులు తీసేశారు. నాకు కొంత ఊరట, కొంత బాధ. బళ్ళు ఇచ్చే మార్కులను ఎవరూ నమ్మలేని స్థితి వచ్చింది గనకే కదా తీసేసింది. ఆ వెంటనే కరోనా వచ్చి 2020లో పరీక్షలే రద్దయ్యాయి. 2021లో మళ్ళీ పరీక్షలు జరగక, పిల్లల ఫలితాలకు ఫార్మేటివ్ మార్కులే ఆధారమయ్యాయి. కొందరు టీచర్లు అప్పుడు పాత రిజిస్టర్లు వెతుక్కుంటూ, ఆనాడు నింపిన అంకెలను చూసి తలలు పట్టుకున్నారు. 2022-23లో తరగతి గది ఆధారిత మూల్యాంకనం పేరుతో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఓఎంఆర్ పత్రాలు వచ్చాయి. ఏ ప్రశ్న ఎంతమంది తప్పారో చెప్పే పట్టికలు ఉపయోగపడేవే. కానీ వాటిని చేతిలో పెట్టుకునేసరికి మేం రెండు పాఠాలు దాటిపోయాం. పైగా నాలుగు జవాబుల్లో ఒకటి దిద్దే చోట ఎసరు గిన్నె సంగతి రాయడానికి జాగా ఉండదు.

1964-66 నాటి కొఠారి కమిషన్ బడి చేసే అంతర్గత మూల్యాంకనాన్ని బలంగా సమర్థిస్తూనే, ఆ ఫలితాలను బయటి పరీక్ష మార్కులతో కలపకుండా విడిగా చూపాలని చెప్పింది. ఉద్యోగం సగం దాటాక గానీ ఆ సిఫారసు నేను చదవలేదు. చదివాక, మా స్టాఫ్‌రూములో అంత వాదులాడి తేల్చుకోలేకపోయిన సంగతికి జవాబు యాభై ఏళ్ళ కిందటే ఉందని తెలిసింది. ఆ రెంటినీ కలపడం వల్లనే మంచి సంస్కరణ ఒకటి మన బళ్ళలో రికార్డుల పనిగా మిగిలిందని నా గట్టి నమ్మకం. పద్ధతిలో లోపం లేదు, పిల్లల్లో లేదు, టీచర్లలోనూ అందరూ అనేంత లేదు.

ఇప్పుడు కొత్త విద్యావిధానం కింద మళ్ళీ సమగ్ర ప్రగతి పత్రాలంటున్నారు. తయారు చేసే పెద్దలకు నా విన్నపం: రోజువారీ మూల్యాంకనాన్ని టీచరుకు వదిలేయండి. దాని మీద గ్రేడు పెట్టకండి, దాన్ని అప్‌లోడ్ చెయ్యమనకండి. పాఠాల క్రమం మార్చుకునే స్వేచ్ఛ బడికి ఇవ్వండి. కోతలు ఎప్పుడో, జాతర ఎప్పుడో ఆ ఊరి బడికే తెలుసు. కొత్తగా చేరిన ఉపాధ్యాయులకు చెప్పేది ఇంతే: ఈ జూన్‌లో ప్రణాళిక రాసే ముందు మీ బడి హాజరుపట్టీలు తీసి చూడండి. మొదటి పాఠం అయ్యాక అరకాగితాలు పంచి, మార్కులు లేని ఒక్క ప్రశ్న వెయ్యండి. దాని కింద 'నీకెలా తెలుసు?' అని తప్పకుండా రాయండి.